కంఠదీపం

రైలు దిగినవాళ్ళను జిల్వర్‌డైక్ స్టేషన్లో టికెట్టు అడగరు. గొంతు చూపించమంటారు.

కారుణ్య తలెత్తి గొంతు చూపించింది. కౌంటరు వెనకున్న నడివయసావిడ ఆమె మెడకు మెత్తటి పట్టీ ఒకటి చుట్టి, సరిగ్గా స్వరపేటిక మీదికి గోరంత గాజుబిళ్ళ వచ్చేలా సర్దింది.

"ఊరు దాటేదాకా తీయకూడదు. తీస్తే ఇక్కడ మీ మాట ఎవరూ వినరు," అంది, వానొస్తుంది గొడుగు తీసుకెళ్ళండి అన్నంత మామూలుగా. "బిగుతుగా ఉందా?"

"లేదండీ, బాగానే ఉంది."

గాజుబిళ్ళ చటుక్కున ఎర్రబడింది. నిజానికి పట్టీ పీక నొక్కేస్తోంది. పెద్దావిడ, కష్టపడి కట్టింది, మళ్ళీ విప్పి కట్టమని ఏం అడుగుతాం అనుకుంది కారుణ్య. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. పట్టీ వదులు చేసి, ఎదురుగా ఉన్న తెర మీద ఒక గీటు పెట్టింది. ఊళ్ళో అడుగుపెట్టి ఐదు నిమిషాలు కాలేదు, అప్పుడే పేరు మీద మచ్చ పడింది.

ఇది 2086 అక్టోబరులో ఒక శనివారం జరిగిన సంగతి. కారుణ్యది ఉప్పాడ. వీధులకు వీధులు సముద్రంలో కలిసిపోతుంటే చూస్తూ పెరిగిన పిల్ల. నీటికట్టల ఇంజనీరింగు చదవడానికి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌కి వచ్చి రెండేళ్ళయింది. నెలాఖరులోగా ఏదైనా కట్ట మీద శిక్షణ ఉద్యోగం దొరక్కపోతే నివాసానుమతి రద్దయిపోతుంది, చదువు సగంలో ఆగిపోతుంది. ఆరు చోట్ల అడిగితే ఆరు చోట్లా అనుభవం లేదన్నారు. ఏడోది మాత్రం ఆమె అడగలేదు, వాళ్ళే ఉత్తరం రాశారు. రైల్లో యాభై నిమిషాల దూరంలో ఉన్న ఈ ఊరి కట్ట సంఘం వాళ్ళు. అనుభవం అక్కర్లేదట. మా కట్టకున్న సముద్రపు గేటు గురించి ముందుగా ఏమీ చదువుకుని రావద్దట. ఒక్క రోజు వచ్చి మాతో గడిపితే సాయంత్రం నాలుగింటికి నిర్ణయం చెప్తామట.

చదువుకుని రావద్దనే ఉద్యోగం లోకంలో ఎక్కడైనా ఉంటుందా? ఉత్తరం చదివిన రోజు నుంచీ కారుణ్యకు ఎక్కడో తేడా కొడుతూనే ఉంది. కానీ నెలాఖరుకు పదమూడు రోజులే ఉన్నాయి. మునిగేవాడికి గడ్డిపరకైనా చాలు కదా, అందుకే పొద్దున్నే రైలెక్కేసింది.

ఇక ఆ గాజుబిళ్ళ సంగతి చెప్పుకోవాలి. దాని పేరు కంఠదీపం. మనిషి నోరు తెరవకముందే మాట గొంతులో తయారైపోతుంది. మనసులో అనుకుని ఊరుకున్న మాటకు కూడా స్వరపేటిక చుట్టూ ఉన్న కండరాలు కంటికి ఆననంత సన్నగా అదురుతాయి. ఆ అదురును శాస్త్రవేత్తలు మౌనవాక్కు అన్నారు, ఇంజనీర్లు సబ్‌వోకల్ సిగ్నల్ అన్నారు. పట్టీలోని సెన్సర్లు లోపలి మాటనూ బయటికొచ్చిన మాటనూ పోల్చి చూస్తాయి. రెండూ కలిస్తే ఆకుపచ్చ, కలవకపోతే ఎరుపు. ఏ భాషైనా ఒకటే. మాట్లాడకపోయినా, ఎవరినైనా ప్రశ్న అడిగినా అసలు వెలగదు. అయితే లోకంలో నిజమేమిటో ఆ దీపానికి తెలియదు. ఆ మనిషి తనలో తాను ఏమనుకుంటున్నాడో అదొక్కటే తెలుసు. ఈ సంగతి స్టేషన్లో ఇచ్చే కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చిన్న అక్షరాలు చదివే ఓపిక ఎవరికి?

పాతికేళ్ళ కిందట ఈ ఊరి గేటు కాపలాదారు, మూయని గేటును మూశానని చెప్పి పడుకున్నాడు. సముద్రం వచ్చి తొంభై ఒక్క మందిని తీసుకుపోయింది. ఆ దుఃఖంలోంచి పుట్టింది ఈ నియమం. ఇక మా ఊళ్ళో ఎవరూ అబద్ధమాడరు అని చిన్నా పెద్దా అందరూ దీపం కట్టుకున్నారు. ఉద్దేశం మంచిదే. తప్పు పట్టడానికేం లేదు.

కట్ట సంఘం అధ్యక్షురాలు హెండ్రికా స్టేషన్ బయటే ఎదురొచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, కొయ్యబొమ్మలా నిటారుగా ఉంది.

"కాఫీ తాగుతావా?"

"వద్దండీ, ఇప్పుడే తాగాను." ఎరుపు.

"చలిగా ఉందా? నా కోటు ఇవ్వనా?"

"పర్లేదండీ, అలవాటే." ఎరుపు.

"నేను నడక వేగం ఎక్కువ. నెమ్మదిగా నడవమంటావా?"

"అబ్బెబ్బే, ఏం ఫర్వాలేదు." మళ్ళీ ఎరుపు.

హెండ్రికా ఆగి ఆమెను ఎగాదిగా చూసింది. "అమ్మాయీ, కాఫీ గురించి అబద్ధమాడటం వల్ల నీకేమిటి లాభం?"

ఏం చెప్తుంది పాపం! అడగ్గానే అవుననేయడం ఆబగా ఉంటుందనీ, మూడోసారి బలవంతం చేశాక తీసుకోవడమే పద్ధతనీ, మా వైపు దీన్ని మొహమాటం అంటారనీ ఆ దేశపు భాషలో చెప్పాలంటే మాట దొరకలేదు. హెండ్రికా రెండోసారి అడగనూ లేదు. కాఫీ లేకుండానే ఇద్దరూ కట్ట వైపు నడిచారు.

ఊరు అద్దంలా ఉంది. ఎవర్ని పలకరించినా గొంతు దగ్గర ఆకుపచ్చ. "శుభోదయం, మిమ్మల్ని చూడటం నాకేం పెద్ద సంతోషంగా లేదు," అన్నాడు ఒక ముసలాయన హెండ్రికాతో, ఆకుపచ్చగా. "నాకూ అంతే," అందావిడ. కారుణ్య మెడలో అస్తమానం ఎర్రబడే దీపాన్ని చూసి మాత్రం జనం పక్కకు తప్పుకుంటున్నారు. ఒక తల్లి పిల్లను తన వెనక్కి లాక్కుంది. తప్పేమీ చేయకుండానే తేలు కుట్టిన దొంగలా నడవాల్సి వచ్చింది ఆమెకు. ఇంతమంది ఇంత పచ్చగా ఎలా ఉండగలరు, మనుషులేనా వీళ్ళు అని లోపల అనుమానం మెసలుతోంది.

గేటు చూశాక మాత్రం ఆ అనుమానం కాసేపు మరిచిపోయింది. నాలుగంతస్తుల ఉక్కు తలుపు, అవతల బూడిదరంగు సముద్రం. పైనున్న గాజుగదిలో ఒక కుర్చీ, దాని ఎదురుగా కెమెరా.

"నీ పని ఇది," అంది హెండ్రికా. "రోజూ ఉదయం ఎనిమిదింటికి ఇక్కడ కూర్చుని, 'గేటు బాగుంది, నాకు తెలిసి ఏ లోపమూ లేదు' అని ప్రకటించాలి. ఊరంతా తెరల మీద నీ దీపం చూస్తుంది. పచ్చగా వెలిగితే నిశ్చింతగా పనుల్లోకి వెళ్తారు. మిగిలిన రోజంతా నీ చదువు నీది."

"అంతేనా?"

"అంతే."

"ఇప్పుడు ఎవరు చేస్తున్నారండీ?"

"పీటర్ అని ఒకతను. వచ్చేవారం వేరే పనిలోకి వెళ్తున్నాడు. ఈ వారం అతని బదులు నేనే కూర్చుంటున్నాను."

"కిందికి వెళ్ళి పునాదులు చూడొచ్చా?"

"కింద చూడాల్సిందేమీ లేదని నా అభిప్రాయం," అంది హెండ్రికా. దీపం ఆకుపచ్చ.

"మీరెప్పుడైనా చూశారా?"

"నేనెప్పుడూ దిగలేదు." అదీ ఆకుపచ్చే. "బాత్రూముకి వెళ్ళాలా?"

"అక్కర్లేదండీ." ఎరుపు. హెండ్రికా నిట్టూర్చి ఎవరితోనో మాట్లాడటానికి పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

పొద్దున ఎనిమిదింటికి రైలెక్కిన పిల్ల. ఇక ఆగలేకపోయింది. అక్కర్లేదని చెప్పి మళ్ళీ ఎక్కడుందని ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? తానే వెతుక్కుందామని నడవలో ఒక తలుపు తీసింది. మెట్లు కనిపించాయి. కిందుంటుందేమోనని దిగింది. ఒక మలుపు, ఇంకో మలుపు. బాత్రూము నిజంగానే తగిలింది, ప్రాణం కుదుటపడింది. బయటికొచ్చాక ఇంకా కిందనుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. నీటికట్టలు చదివినవాళ్ళకి అది విని వెనక్కి తిరగడం చేతకాదు.

గేటు మోసే కాంక్రీటు దిమ్మ మొదట్లో నిలువునా ఒక పగులు ఉంది. చెయ్యి పట్టేంత వెడల్పు. అందులోంచి నీళ్ళు కారుతున్నాయి. తేటనీరైతే అంత భయం లేదు, ఏ కట్టయినా కాస్త చెమరుస్తుంది. ఇది బురదనీరు. అంటే కట్ట లోపలి మట్టి కొద్దికొద్దిగా కొట్టుకుపోతోందన్నమాట. ఈ పాఠం ఆమె మొదటి ఏడాదిలోనే చదివింది.

పగులు పక్కన గోడ మీద సుద్దముక్కతో గీతలు కనిపించాయి. పగులు ఏనాటికి ఎక్కడిదాకా పాకిందో తేదీలతో సహా గుర్తులు పెట్టారు. ఐదు గీతలు, ఐదు చేతిరాతలు. చివరిది పోయిన వారానిది, పక్కనే 'పీటర్' అని ఉంది. రెండో గీత పక్కన రాసింది చూసి కారుణ్య ఒళ్ళు ఝల్లుమంది. తెలుగులో ఉంది. 'మళ్ళీ పెరిగింది.'

ఆమె గబగబా పైకొచ్చేసింది. హెండ్రికా ఏమీ అడగలేదు. "భోజనం చేసిరా. నాలుగింటికి సంఘం గదిలో కలుద్దాం," అని క్యాంటీను చూపించింది.

క్యాంటీను చిన్నది, బల్లలు పన్నెండు. వంటింట్లో మాత్రం ఐదుగురు గరిటెలు తిప్పుతున్నారు. అందులో ఒకాయన ఆమెను చూడగానే ఆప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి.

"మనోళ్ళేనా అమ్మా? ఏ ఊరండి?"

"ఉప్పాడండి."

"ఆయ్! మాది సఖినేటిపల్లండి. సూరిబాబంటారు నన్ను. కూచోండమ్మా, కూచోండి. చారన్నం పెట్టనా?"

"వద్దు బాబాయ్ గారూ, ఆకలిగా లేదు."

దీపం ఎర్రగా వెలిగింది. సూరిబాబు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయ్యబాబోయ్! ఎన్నాళ్ళయిందో ఇది చూసి! వచ్చిన కొత్తల్లో నాదీ ఇదే బతుకమ్మా. ఈ ఊళ్ళో మొహమాటపడితే కొంప మునిగిపోద్ది. తినండి ముందు."

ఆవురావురుమని నాలుగు ముద్దలు తిన్నాక కారుణ్య గొంతు తగ్గించింది. "కింద గోడ మీద తెలుగులో రాసింది మీరేనా బాబాయ్?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "చారులో ఉప్పు సరిపోయిందా?" అన్నాడు. ప్రశ్న కదా, దీపం వెలగలేదు.

"చెప్పండి బాబాయ్."

సూరిబాబు అటూ ఇటూ చూసి ఎదురుగా కూర్చున్నాడు. "కిందికెందుకెళ్ళావే తల్లీ? సరే, విను. ఐదుగురం కనపడతన్నామా? నలుగురం ఒకప్పుడు ఆ కుర్చీలో కూచున్నోళ్ళమే. ఐదోవాడు మొదట్నించీ వంటోడే. సోమారం నించి పీటరూ వచ్చేత్తాడు. కింద చూసినోడు పొద్దున్నే గేటు బాగుందంటే ఎర్రదీపం వెలుగుద్ది కదా? ఊరు గగ్గోలెత్తిపోద్ది. అందుకని చూసినోణ్ణి మర్యాదగా వంటింట్లోకి పంపేత్తారు. చూడనోణ్ణి ఇంకోణ్ణి తెచ్చి కూచోబెడతారు."

ఏమీ చదువుకుని రావద్దని ఎందుకు రాశారో కారుణ్యకు అప్పుడు అర్థమైంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మరి మీరెవరూ బయటపెట్టలేదా?"

"అడిగితేనే కదమ్మా చెప్పేది! వంటోణ్ణి గేటు గురించి ఎవడడుగుతాడు? బాగుచెయ్యాలంటే ఊరు రెండేళ్ళు ఖాళీ చెయ్యాలంట. ఎవరెళ్తారు? నా కూతురు ఇక్కడే బళ్ళో చదువుతోంది. నాలుగేళ్ళయింది నేను చూసి. ఇంకా నిలబడే ఉంది కదా." ఆయన కళ్ళు పైకెత్తి స్పష్టంగా అన్నాడు. "గేటు గట్టిదేనమ్మా."

దీపం ఆకుపచ్చగా వెలిగింది. ఒక్క క్షణం కూడా తడబడలేదు.

'మళ్ళీ పెరిగింది' అని తన చేత్తో రాసిన మనిషి! కారుణ్యకు అన్నం మీద అసహ్యం వేసింది. "ఎలా బాబాయ్? ఎలా పచ్చగా వెలుగుతోంది?"

"అలవాటమ్మా. నోరు తెరిచే ముందు మనం నమ్మాలి. రోజూ కాసింత నమ్మితే కొన్నాళ్ళకి అదే నిజమైపోద్ది. ఈ ఊళ్ళో అందరికీ వచ్చిన విద్యే ఇది. చిన్నపిల్లలకి కూడా వచ్చు. నీకు ఉద్యోగం కావాలా? అయితే చూసింది మర్చిపో. బాత్రూము దాకా వెళ్ళానంతే అనుకో. నాలుగింటిదాకా అదే అనుకుంటా కూచో. ఏదీ, నాతో అను, కింద నాకేం కనపడలేదు అను."

"కింద నాకేం కనపడలేదు."

ఎరుపు.

"మళ్ళీ అను తల్లీ."

ఎరుపే. మూడోసారీ ఎరుపే. సూరిబాబు జాలిగా తల ఊపి లేచాడు. "నీకీ ఊరు అచ్చిరాదమ్మా," అన్నాడు. అది కూడా పచ్చగానే వెలిగింది.

రెండు గంటలపాటు కారుణ్య కట్ట మీద పిచ్చిదానిలా తిరిగింది. చెప్తే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే చదువు పోతుంది. ఉప్పాడకు తిరిగివెళ్ళి, చేతకాని దద్దమ్మలా నిలబడి, మిగిలిన వీధులు కూడా మునగడం చూడాలి. చెప్పకపోతే ఇక్కడ మునిగేది ఊరు. పొద్దున తల్లి వెనక దాక్కున్న పిల్ల మాటిమాటికీ గుర్తొచ్చింది. ఎర్రదీపం దాన్నని నన్ను చూసి భయపడ్డారే, భయపడాల్సింది నన్ను చూసా అని కోపమొచ్చింది. ఆ కోపంతోనే సరిగ్గా నాలుగింటికి సంఘం గదిలోకి వెళ్ళింది.

హెండ్రికా, మరో ముగ్గురు సభ్యులు బల్ల వెనక కూర్చున్నారు.

"ఈ రోజు నా ఎదుట నీ దీపం నాలుగుసార్లు ఎర్రబడింది," అంది హెండ్రికా. "అన్నీ కాఫీలూ కోట్లూ బాత్రూములూ. మేం చర్చించాం. గేటు గురించి ఒక్క అబద్ధమూ లేదు. కాబట్టి ఒకే ఒక్క ప్రశ్న. గేటు బాగుందా?"

కారుణ్య తలెత్తి చెప్పింది. "బాగాలేదండీ. నేను కిందికి దిగాను. దిమ్మ పగిలింది. బురదనీరు కారుతోంది. మీ కట్ట లోపల్నించి కరిగిపోతోంది. ఐదుగురు చూసి గుర్తులు కూడా పెట్టారు. వచ్చే శీతాకాలం తుఫానుకు ఆగుతుందని నేననుకోను."

దీపం గదంతా పరుచుకునేలా ఆకుపచ్చగా వెలిగింది. ఆ రోజంతటిలో అంత పచ్చగా ఎప్పుడూ వెలగలేదు. సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకోలేదు. ఒకాయన కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ ఉండిపోయాడు. అరుస్తారని, తిడతారని, అబద్ధమంటారని ఎదురుచూసింది కారుణ్య. వాళ్ళెవరూ అరవలేదు.

"ధన్యవాదాలు," అంది హెండ్రికా నెమ్మదిగా. "నువ్వు నిజాయితీపరురాలివి. నిజం చూసినవాళ్ళకి మా ఊళ్ళో ఏనాడూ అన్యాయం జరగలేదు. కానీ ఇక నువ్వు ఆ కుర్చీలో కూర్చోలేవు, నీకే తెలుసు."

"మరి గేటు సంగతి?"

"నేను చూడలేదు," అంది హెండ్రికా. ఆకుపచ్చ. "చూడనిదాని గురించి నేనేమీ చెప్పలేను." అదీ ఆకుపచ్చే. తన ముందున్న కాగితం ఒకటి ఇటు తిప్పింది. "వంటింట్లో ఒక చోటుంది. అదీ కట్ట సంఘం ఉద్యోగమే. రెండేళ్ళ శిక్షణ పత్రం వస్తుంది. నీ నివాసానుమతికి సరిపోతుంది. నీ చదువు ఆగదు. ఒప్పుకుంటావా?"

కారుణ్యకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. లేచి వెళ్ళిపోదామనుకుంది. ఐదున్నరకి రైలుంది. డెల్ఫ్ట్ వెళ్ళి అందరికీ చెప్పేయాలి. ఎవరు వింటారు? ఇరవై మూడేళ్ళ విదేశీ విద్యార్థిని, ఉద్యోగం ఇవ్వలేదని అక్కసుతో అంటోందంటారు. అదే ఇక్కడే ఉంటే? గేటు పక్కనే ఉంటుంది. సూరిబాబు బాబాయ్‌నీ, పీటర్‌నీ, మిగతావాళ్ళనీ మెల్లమెల్లగా కూడగట్టొచ్చు. ఆరుగురు కలిసి చెప్తే ఆ మాట వేరు. తొందరపడితే పని చెడుతుంది. పగులును రోజూ కొలవొచ్చు, పక్కాగా రిపోర్టు రాయొచ్చు. శీతాకాలం రానీ, వచ్చే నెలలో రాస్తే సరిపోతుంది. పోనీ, పరీక్షలయ్యాక. నాలుగేళ్ళు నిలబడింది, ఇంకో నాలుగు నెలలు నిలబడదా? ఇందులో తప్పేముంది? ఊరి మంచికే కదా.

"ఒప్పుకుంటున్నానండీ," అంది. ఎవరూ అడగకుండానే ఇంకో మాట కూడా అంది. "మీ ఊరిని కాపాడటానికే ఉంటున్నాను."

అనేశాక తల వంచి గొంతు వైపు చూసుకుంది, కనిపించలేదు. కిటికీ అద్దం వైపు తిరిగింది. ఎర్రబడాలి. ఇప్పుడైనా ఎర్రబడాలి. జీవితంలో మొదటిసారి తనను ఎవరైనా అబద్ధాలకోరు అంటే బాగుండునని ఆ పిల్ల అద్దంలోకి చూస్తూ నిలబడింది.

దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది.

"రేపు ఉదయం ఆరింటికి వచ్చెయ్," అంది హెండ్రికా. "కూరగాయలు తరగాలి."